తీసేసిన జాలీ, కుట్టిన బొంత: పర్లాకిమిడి వంటింటి కేసు

నేను పర్లాకిమిడిలో ఇంటి దగ్గరే మిషన్ పెట్టుకుని జాకెట్లు, ఫాల్స్ కుడతాను, పన్నెండేళ్ళ నుంచి ఆర్డర్ మీద బొంతలు కూడా కుడుతున్నాను. పాత చీరలు తెచ్చి ఇస్తే ఆ చీరలతోనే బొంత. మా ఊరు తెలియనివాళ్ళకి ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు ఈ ఊరు అటు వెళ్ళింది, పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది, మధ్యలో మహేంద్రతనయ నది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా. మనం బొంత అంటాం, పక్కింటి మావుసి కంథా అంటుంది, రెండూ ఒకటే, పాత చీరలు పొరలు పొరలుగా పరిచి సూదితో కలిపి కుట్టడమే.

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, ఇన్నేళ్ళలో డిజైన్ దొరక్క నేను ఇంతగా తిరిగిన పని ఇదొక్కటే, చివరికి దొరికింది ఎక్కడో కాదు, ఆ ఇంటి పెరట్లోనే. ఇలాంటి పని చేసేవాళ్ళకి ఉపయోగపడుతుందని కొలతలతో సహా పెడుతున్నాను.

కార్తీక పున్నమి అయిన వారం అనుకుంటా, మా పక్క వీధి కోడలు ఒకామె వచ్చింది. నన్ను అక్కా అంటుంది. వంటిల్లు మొత్తం కొత్తగా చేయించుకున్నారు. పాత సిమెంటు గట్టు తీసేసి టెక్కలి నీలం గ్రానైట్ వేయించారు, గోడకి సగం దాకా తెల్ల టైల్స్, కింద అరలన్నిటికీ తలుపులు, చిమ్నీ, తూర్పు గోడకి అల్యూమినియం స్లైడింగ్ కిటికీ దోమల మెష్‌తో. నేను వెళ్ళి చూశాను, నిజంగా చాలా బాగుంది. ఆ పిల్ల పాపం ఎనిమిదేళ్ళు ఆ మసిగోడల మధ్య, చీమలూ బొద్దింకలూ తోలుకుంటూ, పప్పుల డబ్బాల కోసం వంగి లేచి వండింది, చీటీ పాడుకుని ఆ డబ్బుతో చేయించుకుంది. తన సంతోషంలో తప్పేమీ లేదు.

ఇబ్బంది ఏంటంటే వాళ్ళ అత్తగారు. పెద్దావిడకి డెబ్బై దాటాయి, నేను పెద్దమ్మా అని పిలుస్తాను. వంటిల్లు మారిన దగ్గర్నుంచి ఆవిడ అందులోకి రావట్లేదు. కోపం లేదు, అలగలేదు, గొడవేమీ పడలేదు. కూరగాయలు తరగడానికి కూడా కత్తిపీట పట్టుకుని వెళ్ళి వీధి అరుగు మీద కూర్చుంటుంది. కోడలు నాతో అంది కదా, "అక్కా, అత్తయ్య చీరలన్నీ మూటగట్టి తెచ్చాను, ఆవిడకి నచ్చేలాగ ఒక బొంత కుట్టు, కొత్త వంటిల్లు లాగే అదీ కొత్తగా ఉండాల" అని. కొత్తగా ఉండాల, ఆవిడకి నచ్చాల. ఈ రెండూ ఒక బొంతలో ఎలా కలపాలో నాకు ఆ రోజు ఏమీ తోచలేదు.

మూటలో ఏమున్నాయి

పదకొండు చీరలు, వాళ్ళ మావయ్యగారివి మూడు పంచెలు, ఒక సంచి నిండా జాకెట్టు ముక్కలు. ముందు నేను చేసే పని బట్ట పరీక్ష. పోగు ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చి చూస్తాను, నూలు అయితే కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలాగ ముడుచుకుంటుంది. అలా నాలుగు చీరలు పక్కకి పోయాయి. పాలిస్టర్ బొంతలో వేస్తే చెమట పీల్చదు, పొర మీద పొర జారుతుంది, సూది కూడా సరిగ్గా దిగదు. మిగిలిన ఏడింటినీ ఎండకి పట్టి చూసి, రెండు బొటనవేళ్ళతో అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి లాగి చూశాను. పట్ మని చిన్న శబ్దం వచ్చినా ఆ భాగం పైపొరకి పనికిరాదు, లోపలికి మాత్రమే. చీర మధ్యలో, కూర్చునే చోట ఎప్పుడూ బలహీనంగా ఉంటుంది, కుచ్చిళ్ళ లోపలి భాగం ఎన్నేళ్ళయినా కొత్తగానే ఉంటుంది, కాబట్టి చీర మొత్తం పాతదని పారేయొద్దు.

రంగు పరీక్ష కూడా తప్పదు. తడిపిన తెల్ల గుడ్డని చీర మీద పెట్టి ఇస్త్రీ వేడి తగిలిస్తే రంగు దిగేది ఇట్టే తెలిసిపోతుంది. ఎర్ర చీర ఒకటి దిగింది. అయినా నేను అశ్రద్ధ చేశాను, ఆ సంగతి తరవాత చెప్తాను.

పంచెలు మాత్రం చెయ్యి పెట్టగానే తెలిసిపోయాయి, పొందూరు ఖద్దరు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో ఏకి శుభ్రం చేసి, చేత్తో సన్నగా వడికి నేస్తారు, ఆ బట్ట ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తన. మావయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆ పంచెలు కొయ్యడానికి పెద్దమ్మని నేను విడిగా అడిగాను. కోడలు ఇచ్చింది కదా అని కోసేయకూడదు. బట్ట ఎవరిదో వాళ్ళ నోటితో సరే అనాలి, ఇది నా పద్ధతి. ఆవిడ కాసేపు ఆగి "కొయ్యమ్మా, పెట్టిలో ఉండి ఏటి చేస్తాది" అంది. బరంపురం పట్టుచీర కూడా ఒకటి ఉంది, ఆవిడ పెళ్ళిది, కుంభాల బోర్డరు. దాన్ని మాత్రం నేనే తిరిగిచ్చేశాను, పట్టూ నూలూ ఒకేలాగ ముడుచుకోవు, రెండు ఉతుకుల తరవాత నూలు లాగేసి పట్టు బుడగలు బుడగలుగా లేస్తుంది.

డిజైన్ కోసం తిరుగుడు

మూడు వారాలు పోయాయి. మొదట పిపిలి చందువా పద్ధతిలో అనుకున్నాను, ఏనుగు, నెమలి, పువ్వు కత్తిరించి అతికే పని, రంగులు ముదురుగా పడతాయి, కొత్తగా ఉంటుంది. ఒక నెమలి కుట్టి తీసుకెళ్ళి చూపిస్తే పెద్దమ్మ బాగుందంది, ఆ బాగుందన్న మాటలో ఏమీ లేదు. బజారులో చూసిన వస్తువుని బాగుందన్నట్టు అంది.

తరవాత సవరల గోడబొమ్మలు గుర్తొచ్చాయి. మా గజపతి జిల్లా కొండల్లో, రాయగడ వైపు, సవరల ఇళ్ళల్లో ఎర్రమట్టి గోడ మీద తెల్లగా వేసే ఇడితాల్, చుట్టూ ఇల్లులాగ ఒక చట్రం, లోపల వరసలు వరసలుగా మనుషులు, గుర్రాలు, సూర్యుడు, చెట్టు. చూస్తే ఎవరికైనా బొంత గుర్తొస్తుంది, అంత చక్కగా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. 2024లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటి కళ అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. కాగితం మీద సగం గీశాక నా చెయ్యి ఆగిపోయింది. అది వాళ్ళు పెద్దల కోసం, దేవతల కోసం పూజ చేసి వేసే బొమ్మ. దాన్ని తెచ్చి కాళ్ళ కింద పరుచుకునే బొంత మీద వెయ్యడం నాకు మనస్కరించలేదు. అందంగా కనిపించిందల్లా మనం వాడేసుకోవడానికి లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. వేసేవాళ్ళూ ఉన్నారు, అది వాళ్ళ ఇష్టం.

ఇంక మార్గశిరం వచ్చేసింది. గురువారం పొద్దున్న ఒడియా వాళ్ళ గుమ్మాల్లో బియ్యప్పిండి జావతో లక్ష్మీదేవి పాదాలు, వరికంకులు వేసి ఉంటాయి, దాన్ని జోటి అంటారు, మన గుమ్మాల్లో చుక్కల ముగ్గులు. ఆ రెండూ కలిపి ఏదైనా చేద్దామా అని ఆలోచిస్తూనే ఆ రోజు మంచం కొలత తీసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను.

కొలత అయ్యాక చెయ్యి కడుక్కుందామని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్తే అక్కడ తులసికుండీ కింద ఎత్తు కోసం పెట్టిన ఒక సిమెంటు ముక్క కనిపించింది. పాత జాలీ ముక్క. మేస్త్రీలు వంటింటి గోడ నుంచి పగలగొట్టి పారేసినదే. మీ అందరికీ తెలిసే ఉంటుంది, పాత ఇళ్ళల్లో కిటికీ బదులు పెట్టే సిమెంటు జాలీ, నాలుగు రేకుల పువ్వు, రేకుల మధ్యలో నాలుగు పక్కలా లోపలికి వంగిన ఖాళీ. ఒక్కో బిళ్ళ ఎనిమిది అంగుళాలు. కుండీ పక్కకి జరిపి ఆ ముక్క కడుగుతుంటే వెనక నుంచి పెద్దమ్మ అంది, "అది మా గడియారం అమ్మా".

అప్పుడు కూర్చోబెట్టి అడిగాను. ఇదివరకు ఆ చీరల గురించి అడిగాను, ఏ చీర ఎప్పటిది అని, ఇష్టమైన రంగు అడిగాను, వంటిల్లు గురించి మాత్రం అడగలేదు. వంటిల్లు ఆగ్నేయం మూల, జాలీ తూర్పు గోడకి. పొద్దున్న ఏడు గంటలకి ఎండ జాలీ కన్నుల్లోంచి వచ్చి పువ్వులు పువ్వులుగా గచ్చు మీద గుమ్మం దాకా పాకేది, అప్పుడు పిల్లల బాక్సులు కట్టాలి. సూర్యుడు పైకి వచ్చిన కొద్దీ ఆ పువ్వులు వెనక్కి జరుగుతూ వస్తాయి కదా, రోలు దాటితే ఎసరు పెట్టాలి, గట్టు ఎక్కితే మావయ్యగారి క్యారేజీ. సంక్రాంతి రోజుల్లో ఎండ పప్పుల డబ్బాల వైపు, అంటే ఉత్తరం పక్కకి పడేదట, వైశాఖం జ్యేష్ఠంలో దక్షిణం పక్క నీళ్ళ బిందెల వైపు. అది నిజమే, చలికాలం సూర్యుడు ఆగ్నేయంగా లేస్తాడు కాబట్టి ఎండ ఎదర వాయవ్యం వైపు వెళ్తుంది. యాభై ఏళ్ళు ఆవిడ గోడ గడియారం చూడకుండా ఆ పువ్వులు చూసే వండింది. "ఇప్పుడేటి, ఎండంతా ఒక ముద్దలాగ పడతన్నాది, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెల్దు. లోపలికెళ్తే ఏ పని ముందు చెయ్యాలో తోచదు."

కోడలు పక్కనే ఉంది. ఆ పిల్లకి ఈ సంగతి తెలీదు, ఎవరూ చెప్పలేదు. "అత్తయ్యా, ఒక్క మాట అనుంటే జాలీ ఉంచేద్దును కదా" అంది. "నీకు గాలి గావాల, దోమలు రాకూడదు, అదీ నిజవే కదమ్మా" అంది ఆవిడ. కొడుకు ఫోన్లో మనవడి అన్నప్రాశన ఫోటో ఒకటి ఉంది, వెనకాల గోడకి జాలీ, కింద గచ్చు మీద ఎండ పువ్వులు. ఆ ఫోటో, ఆ ముక్క మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన అచ్చు, రెండూ తీసుకుని ఇంటికొచ్చాను.

కుట్టు లెక్క

జాలీ అచ్చు చూడగానే నాకు గుర్తొచ్చింది కెథీడ్రల్ విండో అనే కుట్టు. బయట దేశాల బొంతల్లో ఉంది, వీడియోలు చూసి రెండు దిండు గలీబులకి వేశాను ఇదివరకు. చదరం గుడ్డ తీసుకుని అంచులు పావు అంగుళం లోపలికి మడిచి, నాలుగు మూలలూ మధ్యకి మడవాలి, మళ్ళీ ఇంకోసారి నాలుగు మూలలూ మధ్యకి మడిచి టాకా వెయ్యాలి. అలాంటి రెండు మడతలు పక్కపక్కన కలిపి కుడితే, కలిపిన గీత మీద వంకరగా ఒక చదరం ఖాళీ ఏర్పడుతుంది. అందులో రంగు ముక్క పెట్టి, చుట్టూ ఉన్న మడత అంచుని ఆ ముక్క మీదకి దొర్లించి హెమ్మింగ్ చెయ్యాలి. ఆ మడత అంచు క్రాస్ మీద, అంటే నేతకి ఐమూలగా ఉంటుంది, క్రాస్ బట్ట సాగుతుంది కాబట్టి ముడతలు పడకుండా విల్లులాగ వంగుతుంది, రేకు దానంతటదే వచ్చేస్తుంది. అచ్చం జాలీ. మడత గుడ్డ సిమెంటు, మధ్య ముక్క ఎండ.

లెక్క ఇది. 9 అంగుళాల చదరం అంచులు మడిస్తే 8½, రెండుసార్లు మూలలు మడిస్తే సగానికి వస్తుంది, అంటే 4¼. మధ్యలో పడే ఖాళీ పక్క 3 అంగుళాలు, ముక్క 2¾ కోస్తే సరిపోతుంది. ఆరు వరసలు, వరసకి ఆరు, మొత్తం 36 మడతలు, వాటి మధ్య 60 కిటికీలు. పలక 25½ అంగుళాల చదరం వస్తుంది. దీనికి గుడ్డ చాలా తింటుంది, 45 అంగుళాల పన్నాలో అడ్డంగా 5 చదరాలు పడతాయి, 36కి 8 వరసలు, అంటే 72 అంగుళాలు, ముడుచుకునేది కూడా కలుపుకుని రెండు మీటర్ల పైన తీసుకోవాలి. మొత్తం బొంత ఇలాగే చేస్తే మొయ్యలేం, కాబట్టి మధ్య పలక మాత్రమే జాలీ, చుట్టూ మన మామూలు బొంత. సైజు 60 బై 84.

మొదట మడతలకి కూడా పాత చీరే వాడాను, అది నా పొరపాటు. మూడో కిటికీ దొర్లిస్తుంటే క్రాస్ అంచు బద్దలైంది. పాత నూలు నేరుగా లాగితే ఆగుతుంది గానీ క్రాస్ మీద లాగితే ఆగదు. అప్పటికి వేసిన పన్నెండు మడతలూ విప్పేసి, బూడిద రంగు కాటన్ పాప్లిన్ కొత్తది కొని, ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి, ముడుచుకునేదంతా ముడుచుకున్నాక ఇస్త్రీ చేసి కోశాను. అట్ట ముక్క కొలత పెట్టుకుని కొయ్యండి, టేపుతో వద్దు. ఒక్కో మడతలో పావులో సగం తేడా వచ్చినా ఆరు కలిపేసరికి ముప్పావు అంగుళం పోతుంది, నాకు ఒక వరస అలా పోయి మళ్ళీ కోశాను.

రంగులు పేర్చడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఏడు గంటల ఎండ కింద వరసలో, అక్కడ కాషాయం, ముదురు పసుపు, బెల్లం రంగు, చీరల కుచ్చిళ్ళ నుంచి. పైకి వచ్చిన కొద్దీ పసుపు పల్చబడుతూ, లేత నిమ్మ, మీగడ రంగు, అన్నిటికన్నా పై రెండు వరసలు గట్టు దగ్గరి ఎండ, అవి పూర్తిగా మావయ్యగారి పంచె. ముక్కలన్నీ మంచం మీద పరిచి రెండు రోజులు ముట్టుకోలేదు, పొద్దున్న ఒకసారి సాయంత్రం ఒకసారి చూసి మారుస్తూ ఉన్నాను. ట్యూబ్‌లైట్ కింద సరిపోయిన పసుపు పగటి వెలుగులో ఆకుపచ్చగా కొడుతుంది, రంగు ఎప్పుడూ పగలే ఎంచుకోండి. ఇక్కడే ఆ ఎర్ర చీర సంగతి. కింద వరసలో ఒక్క ముక్క ఎరుపు ఉంటే బాగుంటుందని ఆశపడి పెట్టాను, పలక తడిపి సాగదీసే దగ్గర పక్క ముక్కలకి గులాబీ మరక. ఐదు కిటికీలు విప్పి మళ్ళీ కుట్టాను.

చుట్టూ బొంతకి మొత్తం నాలుగు పొరలు, పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రెండు. 60 అంగుళాల పొడవు ముక్కలు రెండు పక్కపక్కన కలిపితే ఒక పొర, అంటే అయిదున్నర మీటర్ల చీరలో 120 అంగుళాలు పోతాయి, మిగతాది కిటికీ ముక్కలకి. జాలీ పలక దానంతటదే నాలుగు పొరల మందం ఉంటుంది, అందుకని మధ్య పొరలు రెండింటిలో పలక ఉండే చోట కోసి తీసేశాను, లేకపోతే మధ్యలో దిండు పెట్టినట్టు ఎత్తు వస్తుంది. కచ్చా కుట్టు జానెడు జానెడు దూరంలో ముందు వేసుకుని, మధ్య నుంచి బయటికి కుట్టుకుంటూ వచ్చాను. చివర నుంచి మధ్యకి వస్తే గుడ్డంతా మధ్యలో పోగవుతుంది. అంచుకి చీరల బోర్డర్లే మడిచి వేశాను, బోర్డరు నేత గట్టిది, పది పదిహేనేళ్ళు ఆగుతుంది.

సమయం చెప్తే, మడతలకి తొమ్మిది గంటలు, కలపడానికి ఆరు, కిటికీ ఒక్కోటి పాతిక నిమిషాల లెక్కన పాతిక గంటలు, చుట్టూ చేతికుట్టు నలభై గంటల పైనే. విప్పి కుట్టినవి ఇందులో కలపలేదు. రోజుకి మూడు గంటలు కూర్చుని సంక్రాంతికి వారం ముందు అవ్వగొట్టాను.

మిగిలిన ముక్కలతో కోడలికి రెండు మసిగుడ్డలు కుట్టాను, వేడి గిన్నెలు దింపుకోవడానికి, అదే జాలీ కుట్టుతో, ఆ నీలం గ్రానైట్ మీద బూడిద రంగు బాగా కుదిరింది. ఇవి కుట్టేవాళ్ళు లోపల నూలు పొరలే పెట్టండి, పాలిస్టర్ దూది పెడితే బాగా కాలిన మూకుడు లాంటి వేడికి కరిగిపోవచ్చు.

బొంత ఇచ్చిన రోజు

మంచం మీద పరిచాను. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత కింద వరస మీద వేలు పెట్టి "బాక్సులు" అంది. ఇంకొంచెం పైకి జరిపి "ఎసరు". పై వరసలో పంచె ముక్కల మీద చెయ్యి అలా ఉంచేసింది. కోడలు ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్ళి, వంటింట్లో గట్టు పక్కన వేసి, "అత్తయ్యా, ఇక్కడ కూర్చుని తరుగు, ఏ టైముకి ఏది వెయ్యాలో నువ్వే చెప్పు" అంది. ఆవిడ ఆ రోజు వెళ్ళలేదు. పండగ వారంలో అరిసెల పాకం చూడ్డానికి వెళ్ళిందని, ఇప్పుడు పొద్దున్న పూట కూర్చుంటోందని కోడలు చెప్పింది. రోజూ కాదు.

పండగ అయ్యాక కనుమ మర్నాడు ఆవిడే బొంత మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఏదైనా ఊడిందేమో అనుకున్నాను. మూడో వరసలో కుడి పక్క ఒక కిటికీ చూపించి, "అమ్మాయ్, ఇది తప్పు. ఈ కన్నులోంచి ఎండ రాదు. అందులో పిచ్చుక గూడు ఉండీది" అంది.

ఆ అన్నప్రాశన ఫోటో పెద్దది చేసి చూశాను, నిజమే, గచ్చు మీద పువ్వుల్లో ఆ చోట ఒకటి లేదు. ఆవిడ్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఆ నిమ్మరంగు ముక్క విప్పేశాను. జాకెట్టు ముక్కల సంచిలో వెతికితే గడ్డి రంగు కలిసిన గోధుమ ముక్క ఒకటి దొరికింది, అది పెట్టి ఆవిడ చూస్తుండగానే చుట్టూ మడత దొర్లించి కుట్టేశాను.